వింబాయి పిడికిలి

నేను సొరకాయలు కోసి బతుకుతాను. నోటితోనా, కత్తితోనా అని మా ఆవిడ సెకై అడుగుతుంది. రెండింటితోనూ అంటాను. సెకై అంటే మా భాషలో నవ్వు. ఆ నవ్వు ఆవిడ పేరులోనే ఆగిపోయింది, మూతి దాకా రాలేదు. నా హాస్యం విన్నాకే ఆగిపోయిందని గిట్టనివాళ్లంటారు.

కత్తితో కోసేవి మాత్రం నికార్సైన సొరకాయలే. ఎండిన బుర్రని ఉప్పునీళ్లలో ఉడకబెట్టి, కాడ చివర చిన్న కన్నం చేసి, గుజ్జంతా గీకేసి, మెట్టతామర గింజలు పోస్తే హోషో అనే గిలక్కాయ తయారు. ఇనప మీటల వాద్యం ఎంబీరా వాయించే చోట ఒక జత హోషోలు గలగలలాడకపోతే చచ్చి పైనున్న పెద్దలకి కూడా ఆవలింతలొస్తాయి. గింజల కోసం నేను గింజుకుంటాను. వాటిని కన్నంలోంచి లోపలికి వెయ్యడం మాత్రం మా పెద్దపిల్ల వింబాయి పని. ఏడేళ్ల పిల్ల, సన్నని వేళ్లు. ఇంట్లో ప్రతిదాంట్లోనూ వేలు పెట్టే పిల్లకి సరైన ఉద్యోగమే దొరికిందని మురిసిపోయేవాణ్ణి.

ఇంత వాగే నేను కూడా ఏడాదికోసారి నోరు మూసుకుంటాను. తొలివానలకి పాతిన సొరగింజ, తన పొట్టునే టోపీలా నెత్తిన పెట్టుకుని మట్టిలోంచి తల ఎత్తే పొద్దున. నలభయ్యేళ్లుగా చూస్తున్నాను, ఏ ఏడూ అది పాతబడలేదు. గోరంత గింజ నా ఇంటి పెరడంతా పందిరి వేస్తుంది. నేను చెయ్యి పట్టుకుని నేర్పకుండానే నులితీగలు వాసాన్ని వెతుక్కుని చుట్టుకుంటాయి.

కాయ కాయాలంటే మనం కాయాలి. మేకల్ని కాయాలి, పిల్లల్ని కాయాలి, అన్నిటికన్నా ముందు వేళ్లని కాయాలి. మా దగ్గర పిందెకి వేలు చూపించకూడదు. చూపిస్తే కుళ్లి రాలిపోతుంది. చూపించక తప్పకపోతే పిడికిలి బిగించి చూపించాలి. మా పిల్లలు నడక నేర్చేనాటికే పిడికిలి నేరుస్తారు.

ఈ ఏడు పూలు విరగబూశాయి. పిందెలూ దిగాయి. దిగినవి దిగినట్టే పసుపుపచ్చగా మారి, మెత్తబడి, టప్పున రాలాయి. ఒక ఉదయం మా అమ్మ పందిరి కింద వంగి, రాలిన పిందెల్ని చెంగులోకి ఏరి, నడుం పట్టుకుని లేచింది.

"ఒరే గారికై, ఇక్కడ ఎవరో వేలు చూపించార్రా," అంది.

"చూపిస్తే చూపించారులే అమ్మా. ఇంకా పూలున్నాయి కదా."

"పూలుంటే సరా? పూలని గలగలలాడించి డబ్బా కొడతావా?"

మా ఇంట్లో మాటకి మాట అంటగట్టే రోగం నాకెవరినుంచి వచ్చిందో తెలిసిందిగా. అందరం నవ్వుకున్నాం. వింబాయి నవ్వలేదన్న సంగతి అప్పుడు ఎవరమూ పట్టించుకోలేదు.

ఆ మధ్యాహ్నం అందరం నేలమీద కూర్చుని మొక్కజొన్నపిండి సద్జా ముద్దలు కూరలో అద్దుకుంటున్నాం. వింబాయి ఎడమచెయ్యి పళ్లెంలో పెట్టింది.

"ఏంటే ఆ తిండి? మళ్లీ ఎడమ చేత్తోనా? ఎవరైనా చూస్తే నిన్ను కాదు, నన్నంటారు!" సెకై కసిరింది.

"కుడిచెయ్యి నిద్రపోతోందమ్మా."

"లేపనా?" అంటూ నేను చంకలో గిలిగింతలు పెట్టబోయాను. పిల్ల చివుక్కున వెనక్కి జరిగింది. కుడిచేతి పిడికిలి బిగించి గౌను మడతల్లో దాచుకుంది.

నాలుగేళ్ల ఫరాయి నోటినిండా ముద్దతోనే గుట్టు విప్పాడు. "అక్క వేలు చూపించింది! పిందెలు లెక్కెట్టింది, ఇలా, ఇలా!" చూపించబోయి, గుర్తొచ్చి, గబుక్కున గుప్పిట మూసేశాడు.

వింబాయి కళ్లల్లో నీళ్లు గిర్రున తిరిగాయి. "మర్చిపోయాను నాన్నా. ఎన్ని వచ్చాయో చూద్దామని... అన్నీ చచ్చిపోయాయి. ఈ వేలు మంచిది కాదు. తమ్ముడికి తగిలితే?"

అప్పుడర్థమైంది, పిల్ల వారంగా తమ్ముడి చెయ్యి ఎందుకు పట్టుకోవడం లేదో. బంకమట్టితో ఆవుల్ని చెయ్యడం ఎందుకు మానేసిందో, పొద్దున్నే పాఠాల పలక ఎందుకు ముట్టుకోవడం లేదో.

నా దగ్గరున్న మందు ఒకటే, వాడాను. "ఓసి పిచ్చితల్లీ, మీ నానమ్మ నలభయ్యేళ్లుగా నాకేసి వేలు చూపించే తిడుతోంది. నేను రాలిపోయానా? పైగా ఇంత లావెక్కాను!"

"నువ్వు పిందెవి కాదుగా," అంది వింబాయి.

 సెకై ఆ పిడికిలిని ఒళ్లోకి తీసుకుని విప్పాలని చూసింది. గవ్వలా బిగుసుకుపోయింది. మా అమ్మ పళ్లెం పక్కకి నెట్టేసింది.

"ఆ మాట ఒట్టిదని చెప్పెయ్యొచ్చుగా అమ్మా," అన్నాను బయటికొచ్చాక.

"ఒట్టిదని ఎలా చెప్పనురా? మా అమ్మ చెప్పింది, వాళ్లమ్మ చెప్పింది. ఈ నోటితో పిల్లకి అబద్ధం చెప్పనా?" అంది మా అమ్మ. 

నాలుగు రోజులకి పెద్దవాన పడింది. పెరట్లో కట్టెలన్నీ తడిసిపోయాయి. ఈ ఏడు కొత్తగా పందిరి పక్కన పెట్టి, రోజూ పొద్దుగూకే వేళకి రాజేస్తున్న పొయ్యిని ఆ సాయంత్రం సెకై వంటగుడిసెలోకి మార్చింది. వాన వెలిసింది. పందిరి మీద పొగ లేదు. తడిమట్టి వాసన ఒక్కటే ఉంది.

నేను పిల్లలిద్దర్నీ పందిరి కింద చాపమీద కూర్చోబెట్టుకున్నాను. మా అమ్మ ఎత్తుపీట తెచ్చుకుంది. మా తలలకి మూరెడు పైన ఒక మొగ్గ, దాని అడుగున బొటనవేలంత పిందె. ఈ కాపులో మిగిలినది అదొక్కటే.

"నాన్నా, అది కదిలింది," గుసగుసగా అన్నాడు ఫరాయి.

కదిలింది నిజమే. చుట్టుకుపోయిన గుడ్డని ఎవరో లోపల్నుంచి నెమ్మదిగా విప్పుతున్నట్టు మొగ్గ వదులవుతోంది. ఒక రెక్క చిన్నగా అదిరి విడివడింది. దాని వెనకే ఇంకొకటి. ఆకాశంలో వెలుగు తగ్గేకొద్దీ ఆ తెలుపు పెరిగింది. ముడతలు మా కళ్లముందే సాఫీ అయ్యాయి. జీవితమంతా సొరపాదుల మధ్య బతికినవాణ్ణి, పువ్వు విచ్చుకోవడం మొదటి నుంచి చివరిదాకా ఎన్నడూ కూర్చుని చూడలేదు. ఒక్క పరిహాసం కూడా నోటికి రాలేదు.

అప్పుడొచ్చింది, రాత్రిపూట తిరిగే సీతాకోకచిలుక. బూడిదరంగు ఒళ్లు, పిచ్చుకలో సగం ఉంటుంది. రెక్కలు కనబడవు, వాటి సన్నని ఝుంకారమే వినబడుతుంది. ముందు పక్క కాడమీది పిందె పట్టని గొడ్డుపువ్వు దగ్గర గాలిలోనే నిలబడి, చుట్ట చుట్టుకున్న దారంలాంటి నాలుకని చాచి పువ్వు లోతుల్లోకి దించింది. ఒంటికి పచ్చపొడి అంటించుకుని నేరుగా మా పువ్వు ముందుకొచ్చింది. గాలిలో అలాగే వేలాడింది.

"అదిగో!" అరిచింది వింబాయి. "నాన్నా, అదిగో!"

లేచి చెయ్యి చాచింది. పిడికిలి కాదు. చూపుడువేలు, నిటారుగా, పువ్వుకి జానెడు దూరంలో.

 ఆ జీవి బెదరలేదు. పువ్వులోకి ముఖం పెట్టి తాగినంత తాగి, పిల్ల వేలిని రాసుకుంటూ తూలి, చీకట్లో కలిసిపోయింది. వేలి కొసన పచ్చటి పొడి మిగిలింది.

వింబాయి ఆ వేలిని చూసుకుంది. పిందెని చూసింది. మళ్లీ పిడికిలి బిగించింది. "చూపించేశాను," అంది.

మా అమ్మ పీట మీంచి లేచింది. మనవరాలి ముందు మోకాళ్లమీద కూర్చుంది. "నువ్వు పిందెకి చూపించలేదమ్మా. వచ్చిన చుట్టానికి దారి చూపించావు. చుట్టానికి వేలు చూపించకూడదని మా అమ్మ నాకెప్పుడూ చెప్పలేదు."

"మరి పిందె?"

"చూద్దాం," అంది మా అమ్మ. మాట ఇవ్వలేదు.

మర్నాడే నేను పొయ్యిని పెరటి అవతలికి మార్చాను. ఇన్నాళ్లూ పచ్చపొడి మోసుకొచ్చే ఆ చుట్టానికి పొగపెట్టింది మేమేనేమో. సెకై అడ్డు చెప్పలేదు.

వింబాయి రోజూ లేవగానే పందిరి కిందికి పరిగెత్తేది, పిడికిలి గుండెకి ఆనించుకుని. పువ్వు వాడింది, ముడుచుకుంది, రాలింది. పిందె పచ్చబడుతుందేమోనని మేమంతా మాటలు తగ్గించుకున్నాం. నేను కూడా. తర్వాతొక పొద్దున పిల్ల కేక విని పరిగెత్తాను.

పిందె పొడుగు సాగింది. లేత నూగు నిండా మంచు బొట్లు. కాడ ఒంగి బరువుగా వేలాడుతోంది. నిన్న రాత్రికి రాత్రి నేలలోంచి అన్ని నీళ్లు ఎలా తోడుకుందో!

మా అమ్మ, సెకై నా వెనకే వచ్చి నిలబడ్డారు. వింబాయి మునివేళ్లమీద లేచి, కుడిచెయ్యి ఎత్తి, నెమ్మదిగా గుప్పిట విప్పింది. మూసి మూసి అరచెయ్యి తెల్లబడిపోయి ఉంది. చూపుడువేలితో ఆ నూగుని నిమిరింది, నిద్రపోతున్న పసిదాని బుగ్గ నిమిరినట్టు.

"మెత్తగా ఉంది నాన్నా," అంది. ఆ చేత్తోనే తమ్ముడి చెయ్యి పట్టుకుంది. "రా, నువ్వూ ముట్టుకో. పైకెత్తనా?"