డెస్మండ్ తేలిక వారం

బెండిగో ఊళ్లోని వ్యాయామ క్లబ్బు తరఫున, బల్ల మీద పడుకుని బరువెత్తే బెంచ్ ప్రెస్ పోటీకి ఒక్కరినే పంపుతారు. ఎవరన్నది ఆ సాయంత్రమే తేలాలి. ఆ చోటు కోసం డెస్మండ్ ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్నాడు. అతను వంద కిలోల దగ్గరే ఆగిపోయాడు. ఏ సాధన ప్రణాళిక మొదలుపెట్టినా, తీరా పెద్ద బరువు ఎత్తాల్సిన వారం వచ్చేసరికి అంతకన్నా మంచి ప్రణాళిక కంటపడుతుంది. మళ్లీ తేలిక బరువులతో మొదటికొస్తాడు.

అతని బామ్మర్ది లాక్లన్ నిరుడే చేరాడు. పోయినసారి కన్నా కాస్త ఎక్కువ వేసుకోవడం తప్ప అతనికి ఇంకేమీ తెలియదు. ఆ సాయంత్రం నూట అయిదు ఎత్తేసి బల్ల మీంచి లేచాడు.

"రా బావా, నీదే ఆలస్యం."

"నాకిది తేలిక వారంరా. డెబ్బై దాటకూడదు."

"పోటీ వాయిదా వెయ్యమని వాళ్లకి చెప్పనా మరి?" అంది కోచ్ మోరీన్.

"నవ్వకండి. వీడిదంతా కొత్తలో వచ్చే ఊపు. నాలా మధ్యస్థాయికి వస్తే అప్పుడు తెలుస్తుంది."

"నాకొద్దులే బావా ఆ స్థాయి!"

మోరీన్ లాక్లన్‌నే పంపుతానంది. డెస్మండ్ డెబ్బై కిలోలు వేసుకుని బల్ల మీద పడుకున్నాడు. చోటు పోతే పోయింది, ప్రణాళిక మాత్రం తప్పలేదనుకున్నాడు.