ఐదు దేశాల రాహుకాలం

పార్థసారథిగారికి జగ్గయ్యపేటలో బట్టల దుకాణం ఉంది, ఫోనులో విశ్వపద్య వేదిక ఉంది. దుకాణంలో ముగ్గురు గుమాస్తాలు, వేదికలో నాలుగువందల పన్నెండుమంది సభ్యులు. గుమాస్తాలు అప్పుడప్పుడన్నా పని చేస్తారు. సభ్యులు మాత్రం పొద్దున్నే లేచి ఒకరి పద్యం కింద ఒకరు "అద్భుతం" అని రాసి, దణ్ణాల బొమ్మ పెట్టి, ఆ పద్యం చదవకుండానే పక్క పద్యానికి వెళ్ళిపోతారు.

ఈ సంగతి రాగసుధకు ప్రత్యక్షానుభవం. ఒకసారి తొందరలో మూడో పాదం ఎగరగొట్టి మూడు పాదాలే ఉన్న పద్యం గ్రూపులో పెట్టింది. అరవైనాలుగు అద్భుతాలు వచ్చిపడ్డాయి. చందర్లపాడు నుంచి రిటైర్డ్ పోస్టుమాస్టరు బ్రహ్మయ్యగారు ఒక్కరే ఫోన్ చేశారు.

"మూడో పాదం ఏదమ్మాయ్? దార్లో ఎక్కడన్నా దిగిపోయిందా?"

రాగసుధది జగ్గయ్యపేటే. నందిగామలో జూనియర్ కాలేజీలో తెలుగు చెబుతూ అక్కడే అద్దెకుంటోంది. ఏడేళ్ళుగా ఆమెకు ఒకటే కోరిక, అష్టావధానం చేయాలి. ఎనిమిదిమంది పృచ్ఛకులు ఎనిమిది వైపుల నుంచి ప్రశ్నలు గుప్పిస్తుంటే కాగితం ముట్టకుండా ఒక్కొక్కరికి ఒక్కో పాదం చొప్పున పద్యాలు చెప్పుకుంటూ పోవాలి. మధ్యలో ఒకాయన ఇష్టమొచ్చినప్పుడు గంట కొడుతుంటాడు, అదీ లెక్కపెట్టుకోవాలి. అన్నీ అయ్యాక మొదటి నుంచీ చివరిదాకా అప్పజెప్పాలి. దాన్నే ధారణ అంటారు. ధారణ లేని అవధానం తాళి కట్టని పెళ్ళి.

"నీ మొదటి అవధానం మన వేదిక మీదే, ఐదు దేశాల పృచ్ఛకులతో చేయిస్తానమ్మా," అన్నారు పార్థసారథిగారు. నాన్న స్నేహితుడు, పెద్దాయన. రాగసుధ నమ్మింది. నమ్మడమే ఆమె చేసిన తప్పు.

ఎందుకంటే పార్థసారథిగారు రాహుకాలంలో తుమ్ము కూడా ఆపుకునే మనిషి. పైగా దేశానికో రాహుకాలం. ఆదివారం పొద్దున పదింటికి పెడదామంటే మెల్‌బోర్న్‌లో మూడున్నర, గంట తిరిగేసరికి వాళ్ళకి రాహువు పట్టుకుంటాడు. సాయంత్రం పెడదామంటే మెల్‌బోర్న్ నిద్రపోతుంది. శనివారమంటే డాలస్‌లో తొమ్మిదింటికే రాహువు కాచుకుని ఉంటాడు. రాహువు లేనిచోట నిద్ర, నిద్ర లేనిచోట రాహువు. నాలుగుసార్లు ఓటింగు పెట్టారు. నాలుగుసార్లూ వాయిదా. చివరికి మెల్‌బోర్న్ ఆయన అలిగి గ్రూపులోంచి లేచిపోయాడు. ఆయన స్థానంలో మన దేశం నుంచే ఇంకొకరిని పెట్టారు. బ్యానరు అప్పటికే అచ్చయింది కాబట్టి దేశాలు మాత్రం ఐదుగానే మిగిలాయి.

నవంబరు మొదటి ఆదివారం, సాయంత్రం ఏడున్నర ఖాయమైంది. దుబాయ్‌లో అప్పటికి సరిగ్గా ఆరు, రాహువు అప్పుడే వదిలేస్తాడు. డాలస్‌లో పొద్దున తొమ్మిది. ఇదంతా పార్థసారథిగారు చిట్టా పుస్తకంలో గళ్ళు గీసి మరీ తేల్చారు.

గంట కొట్టే పృచ్ఛకుడు బ్రహ్మయ్యగారే. ముందురోజు సరిచూద్దామని ఆయన గంట కొడితే, వీడియో యాప్ దాన్ని చప్పుడనుకుని మింగేసింది. పార్థసారథిగారి ఉపన్యాసంలో మాత్రం ఒక్క ముక్క కూడా మింగలేదు. ఇక లాభం లేదని బ్రహ్మయ్యగారు ఇత్తడి గంట సంచిలో వేసుకుని, చందర్లపాడులో బస్సెక్కి నందిగామలో రాగసుధ గదికే వచ్చేశారు. బల్ల మీద ఆమె లాప్‌టాప్, పక్క కుర్చీలో ఆయన.

ఏడున్నరకు అందరూ తెర మీదకొచ్చారు, ఒక్క డాలస్ కిషోర్‌బాబు తప్ప. సమస్య ఇవ్వాల్సింది ఆయనే.

"ముహూర్తం దాటనివ్వకూడదు. మొదలెట్టమ్మా, ఆయన మధ్యలో కలుస్తాడు," అన్నారు పార్థసారథిగారు.

రాగసుధ మొదలుపెట్టింది. భయం మొదటి పాదం దాకే ఉంది. రెండో ఆవృత్తికి గొంతు నిలబడింది. నిషిద్ధాక్షరి ఇచ్చినాయన అక్షరమక్షరానికీ అడ్డుపడుతుంటే ఆమె పక్కదారి వెతుక్కుంటూ పోయింది. మునేటి మీద వర్ణన అడిగితే ఎండిన ఏటి ఇసుకలో చెలమ తోడుకునే ఆడవాళ్ళను తెచ్చి నిలబెట్టింది. మధ్యమధ్య గంట మోగుతూనే ఉంది. ఎనిమిదిన్నరకు మూడు పద్యాలూ నిండాయి. ఇంత సంతోషం తనకు దక్కుతుందని ఆమె ఏనాడూ అనుకోలేదు.

అప్పుడు దిగాడు కిషోర్‌బాబు, పట్టుపంచె, జరీ కండువా, నుదుట బొట్టుతో.

"నేను రాకుండా ఎట్లా మొదలెట్టారండీ? తొమ్మిదన్నారు, తొమ్మిదికే వచ్చా!"

నిజమే, ఆయన తప్పేమీ లేదు. ఆ తెల్లవారుజామునే అమెరికా తన గడియారాలన్నిటినీ గంట వెనక్కి తిప్పుకుంది. ఏటా తిప్పుకుంటుంది. అక్కడ ఇరవై ఏళ్ళుగా ఉంటున్న మనిషికి గుర్తులేదు, ఇక్కడ చిట్టాలో గళ్ళు గీసిన మనిషికి తెలియదు.

"పరవాలేదండీ. సమస్య ఇప్పుడివ్వండి, పూరిస్తాను," అంది రాగసుధ.

"అట్టా ఎట్టా? మళ్ళీ మొదట్నించీ రానివ్వండి!"

ఇంతలో లండన్ భారతీదేవిగారికి ధర్మసందేహం పుట్టింది. "గడియారం వెనక్కి తిప్పితే రాహువు కూడా వెనక్కి వస్తాడా అండీ?"

అంతే. పద్యం మీద నోరు మెదపని మహానుభావులందరికీ ఒక్కసారిగా పాండిత్యం పొంగుకొచ్చింది. ఒకాయన పంచాంగం తెచ్చి కెమెరాకు చూపించాడు. ఇంకొకాయన సూర్యోదయం నుంచి లెక్కగట్టాలన్నాడు. కిషోర్‌బాబు క్షమాపణ కావాలన్నాడు. నలభై నిమిషాలు గడిచాయి. దుబాయ్ వాళ్ళు భోజనానికి లేచిపోయారు. మూడు పద్యాలు తలలో మోసుకుంటూ ఆ పిల్ల కూర్చునే ఉందని ఒక్కరికీ తట్టలేదు. ఆమెకు కోపంతో ఏడుపు ముంచుకొచ్చింది. నోరు తెరిస్తే పద్యాలు చెదిరిపోతాయని పళ్ళు బిగించుకుని కూర్చుంది.

"సమయాభావం వల్ల సభను ఇంతటితో ముగిస్తున్నాం," అన్నారు పార్థసారథిగారు. ఆ మాట అనడానికి పన్నెండు నిమిషాలు తీసుకున్నారు. తెర నల్లబడింది. కిషోర్‌బాబు ఇవ్వాల్సిన సమస్య ఏమిటో ఈనాటికీ ఎవరికీ తెలియదు.

రాగసుధ లాప్‌టాప్ మూసేసింది. "మీ బస్సు కూడా పోయింది మాస్టారూ."

"పోతే పోయింది, ఆటోలున్నాయి. నా ప్రశ్నకి జవాబేదమ్మాయ్? ఎన్ని గంటలు కొట్టా?"

ఆమె తల ఎత్తింది. "ముప్పై ఏడండి."

ఆయన బస్సు టికెట్టు వెనక పెన్సిలుతో పెట్టుకున్న గీతలు వేలితో లెక్కపెట్టుకున్నారు. "కిషోర్‌బాబు అరుస్తున్నప్పుడు ఒళ్ళు మండి నాలుగు కొట్టా. అవి కూడానా?"

"అవి కలిపేనండి."

బ్రహ్మయ్యగారు గంట బల్ల మీద పెట్టి, కండువా సర్దుకుని నిటారుగా కూర్చున్నారు. "ఊఁ, ధారణ కానియ్యి మరి."

ఆమె లేచి నిలబడింది. మూడు పద్యాలు, పన్నెండు పాదాలు, ఎక్కడా తడబడలేదు. మునేటి పద్యం దగ్గర ముసలాయన కళ్ళు తుడుచుకున్నారు. అది చూసి ఆమె కూడా ఏడ్చేసింది, ఈసారి కోపంతో కాదు. అయిపోయాక ఆయన ఇంకొక్కసారి గంట కొట్టారు.

"ముప్పై ఎనిమిది," అంది.

అప్పటిదాకా పక్కన పడేసిన ఫోను చేతిలోకి తీసుకుంది. గ్రూపులో నూటపదకొండు సందేశాలు ఉన్నాయి. "ధారణ అమోఘం!" "ఇంతటి ధారణ నా జన్మలో వినలేదు!" "చివర్లో ఒళ్ళు గగుర్పొడిచింది తల్లీ!" వీటన్నిటికీ పైన పార్థసారథిగారు పెట్టిన ప్రశంసాపత్రం, అసమాన ధారణాపటిమకు గాను. పిల్ల పుట్టకముందే కుల్ల కుట్టడం ఆయనకు వృత్తిధర్మం కూడాను.

చూస్తుండగానే ఆయన నుంచే ఫోను వచ్చింది.

"సుధమ్మా, చూశావా స్పందన?"

"చూశా బాబాయ్. ధారణ జరగందే ఎట్టా విన్నారు అందరూ?"

"జరిగినట్టే అనుకోవాలమ్మా. పత్రం ముందే అచ్చేయించా కదా! అది సరే, రెండో అవధానం డాలస్ వాళ్ళ వీలు చూసి పెడదాం. కిషోర్‌బాబు బాగా నొచ్చుకున్నాడు."

రాగసుధ బ్రహ్మయ్యగారి వంక చూసింది. ఆయన గంటను తువ్వాలులో చుట్టి సంచిలో పెట్టుకుంటున్నారు.

"రెండోది చందర్లపాడులో బాబాయ్. వినేవాళ్ళు ఎదురుగా కూర్చుని వినాలి. మీరు కూడా రండి."

"ఏ టైముకమ్మా? ఎవరి టైము?"

"నందిగామ బస్సు వచ్చే టైము."

అవతల పంచాంగం పేజీలు తిరగేస్తున్న శబ్దం వినిపించింది.

"ఆ బస్సు రాహుకాలంలో రాదు కదా?" అన్నారు పార్థసారథిగారు.