మూతలో మైనం

మెకానిక్‌గారి అల్లుడికి తన పాత మోటార్‌సైకిల్ అంటే ప్రాణం. మామగారు దానికి వంకలు పెడతాడని అత్తారింటి ఛాయలకు కూడా వెళ్లేవాడు కాదు. ఆదివారం పెళ్లాన్ని ఊరంతా తిప్పినా, ఆమె పుట్టింటి వీధి రాగానే వేగం పెంచేవాడు.

అడిగీ అడిగీ విసిగిపోయిన ఆమె, ఒకరోజు పెట్రోలు ట్యాంకు మూతకున్న సన్నటి రంధ్రంలో కొవ్వొత్తి మైనం కూరింది. లోపలికి గాలి ఆడకపోతే పెట్రోలు కిందికి దిగదన్న కిటుకు చిన్నప్పుడు తండ్రి చెప్పిందే.

అదృష్టం కొద్దీ బండి దగ్గి దగ్గి పుట్టింటి వీధి మలుపులోనే ఆగింది. అల్లుడు ప్లగ్గు తుడిచాడు, కార్బురేటర్ విప్పాడు, చెమటలు కక్కాడు. బండి మాత్రం ఉలకలేదు, పలకలేదు.

"నాన్నను పిలవనా అండీ?" అంది ఆమె, ఏమీ ఎరగనట్టు.

మెకానిక్ వచ్చి మూత తిప్పగానే ట్యాంకు బుస్సుమని గాలి పీల్చుకుంది. ఆయన మైనాన్ని చూశాడు, కూతుర్ని చూశాడు, మూతను మళ్లీ బిగించేశాడు.

"పెద్ద రిపేరే అల్లుడుగారూ, సాయంత్రం దాకా పడుతుంది. లోపలికొచ్చి భోంచేయండి."

అల్లుడు నిట్టూర్చి లోపలికి నడిచాడు. తండ్రీకూతుళ్లు మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. చూసుకుంటే నవ్వు ఆగదని ఇద్దరికీ తెలుసు.