ఖాళీ డబ్బాలకు గిరాకీ

నేను ఒక ఇనప డబ్బాను. ఆ మాట వినగానే మీకు బిస్కెట్ల డబ్బా గుర్తొస్తే అది నా తప్పు కాదు. సైన్యం లారీల వెనక పెట్రోలు, డీజిలు నింపి కట్టుకుంటారే, ఆ నలుచదరపు డబ్బాల జాతి మాది. మా నెత్తిన మూడు చేతిపిడులుంటాయి. నిండుగా ఉన్నప్పుడు ఇద్దరు మనుషులు చెరో పక్కా పట్టుకుని మోస్తారు. ఖాళీగా ఉంటే ఒక్కడే మమ్మల్ని చేతికి రెండేసి చొప్పున ఊపుకుంటూ పోతాడు.

నేను పుట్టిన దీవి పేరు చెప్పను. చెబితే ఇప్పటికీ అక్కడున్న కొందరికి ఇబ్బంది. చెరుకు తోటల్లో పనికని శ్రీకాకుళం వైపు నుంచి ఓడలెక్కి వెళ్ళినవాళ్ళ మనవలు, మునిమనవలు అక్కడ ఒక పేటంతా ఉన్నారు. ఆ దీవి దండు వర్క్‌షాపులో రెండు రేకుల్ని అచ్చులో ఒత్తి, నడుమ అతికి నన్ను చేశారు. లోపల నీళ్ళు పోసి కారుతున్నానేమోనని చూశారు. కారలేదు. ఆ తరవాత ఎన్నో మాటలు విన్నాను, అప్పుడూ కారలేదు. ఇదిగో, ఇవాళే కారుతున్నాను.

దండులో కొంతకాలం పనిచేశాక పాతబడ్డానని వేలం వేశారు. నన్నూ నా జంట డబ్బానూ పైడమ్మ కొనుక్కుంది. పైడమ్మకు ఒక లాంచీ ఉండేది. రేవు నుంచి చుట్టుపక్కల పల్లెలకు మనుషుల్నీ, చేపల బుట్టల్నీ, ఒక్కోసారి పెళ్ళివారినీ చేరవేసేది. ఆమె తమ్ముడు సూరప్పడు దీవి రేడియోలో తెలుగు వార్తలు చదివేవాడు. రేడియోలో అతని పేరు సూర్యనారాయణ, ఇంట్లో మాత్రం సూరిగాడు.

అప్పుడొచ్చింది కొరత. బంకుల్లో స్టాకు లేదని బోర్డులు వేలాడాయి. లాంచీ రేవులో కట్టేసి ఉండిపోయింది. మంత్రులు సైకిళ్ళు తొక్కి ఫొటోలు దిగారు.

ఆ పేటలో ఒక పద్ధతి ఉంది. బంకు ముందు మనుషులు నిలబడరు, డబ్బాలు నిలబడతాయి. డబ్బా మీద సుద్దతో పేరు రాసి, పైన ఒక రాయి పెడితే అది ఆ మనిషితో సమానం. ఎవరి డబ్బానూ ఎవరూ జరపరు. ఎన్ని తగవులున్నా ఆ మర్యాద తప్పరు. సాటి మనిషిని తోసుకుపోయేవాళ్ళు కూడా ఆ మనిషి డబ్బాకు దారి ఇస్తారు. మేం ఎండలో వరసగా నిలబడితే, మా మనుషులు ఎదుటి టీకొట్టు అరుగు మీద కూర్చుని దేశాన్ని నడిపేవారు.

అరుగు మీద ఒకటే మాట. ఇలా బంకుల్లో నూనె లేకపోతే ప్రభుత్వం ఉండదని, సైన్యం దిగుతుందని. సూరప్పడు ఒప్పుకునేవాడు కాదు. విదేశాలకు కట్టడానికి ప్రభుత్వం దగ్గర డాలర్లు లేవు, అందుకే ఓడలు రావడం లేదు, అంతే అనేవాడు. పక్కదేశంలో ఇంతకంటే పెద్ద కరువొస్తే మంత్రులు మారారు గాని ఒక్క సిపాయి కూడా గేటు దాటలేదని చెప్పేవాడు. అతను చెప్పేది అబద్ధమేమీ కాదు.

కాని పైడమ్మకు అరుగు మీది వాదం ఆట కాదు. ఒక సైన్యాధికారి ఆక్రమించిన భూముల గురించి సూరప్పడు ఆ మధ్య వార్తల్లో చదివాడు. నీ గొంతు గుర్తుంచుకుంటామని దండు నుంచి కబురొచ్చింది. సైన్యమే గనక దిగితే వాళ్ళు మొదట వెళ్ళేది రేడియోకి. అక్కడ మొదట దొరికేది వీడు. పోనీ ముందే పారిపోదామంటే, ఏమీ జరగకపోతే ఉద్యోగం పోయి ఊరందరికీ నవ్వులపాలు. ఈ కొరత ఒట్టి కొరతా, మరొకటా? అది తెలియక ఆమెకు అన్నం సయించడం మానేసింది.

ఒక ఉదయం బంకు ముందు సైన్యం లారీ ఆగింది. హవల్దారు తవిటినాయుడు దిగాడు. పేట కుర్రాడే, పైడమ్మను పిన్నీ అని పిలుస్తాడు. పాత ఇనప డబ్బా ఇచ్చినవాళ్ళకు కొత్త ప్లాస్టిక్ డబ్బా, దాని నిండా బియ్యం ఇస్తామన్నాడు. అరుగంతా ఒక్కసారి లేచింది. అంత సంబరం ఆ వీధి ఎన్నడూ చూసి ఉండదు. డబ్బాల మీది రాళ్ళు రోడ్డు మీద దొర్లాయి. నా తోటివాళ్ళు టంగుటంగుమంటూ లారీలోకి ఎగిరారు. చేతిలోకి బియ్యం వస్తుంటే తమ వంతు పోతోందని ఎవరికీ తోచలేదు.

పైడమ్మ పరుగున వచ్చి నా మూత మీద చెయ్యి వేసి నిలబడింది.

"నీయి రెండూ ఇచ్చీ పిన్నీ. నీకు బియ్యం ఇంకో గుప్పెడు ఎక్కువ ఏయిస్తాను," అన్నాడు తవిటినాయుడు.

"బియ్యం నాకేటికిరా? ఒకటి నువ్వట్టుకెల్లు. రెండోదాన్లో డీజిలు పోసి తెచ్చియ్యి."

దండులోనూ డీజిలు లేదని అతనంటే చాలు, ఇది ఒట్టి కొరతేనని ఆమె హాయిగా ఇంటికెళ్ళి నిద్రపోయేది. ఆ లేదు అనే మాట కోసమే అడిగింది.

తవిటినాయుడు అటూ ఇటూ చూశాడు. "గట్టిగా అనకు పిన్నీ. మద్దినాలకి తెస్తాను," అన్నాడు.

అలా నేను పుట్టింటికి వెళ్ళాను. ఏం చెప్పమంటారు. నేనున్నప్పుడు బోసిగా ఉండే షెడ్డులో పైకప్పు దాకా పీపాలు. గొట్టం పెట్టి మమ్మల్ని వరసగా నింపుతున్నారు, పొంగి కాళ్ళ మీద పడుతున్నా చూసుకోవడం లేదు. ఊళ్ళో తిరిగే లారీకి బంకుండగా డబ్బా కట్టరు. ఆ రోజు ప్రతి లారీకీ కడుతున్నారు. ఊళ్ళో బంకులన్నీ ఎండిపోయాయని వాళ్ళకంటే బాగా ఎవరికి తెలుసు? నా జంట డబ్బాను ఒక లారీకి బిగించారు. నన్ను తవిటినాయుడు గోనెపట్టాలో చుట్టి తెచ్చి, మూత గట్టిగా బిగించుకో పిన్నీ అని చెప్పి వెళ్ళిపోయాడు. పాపం, అతనికీ ఏమీ తెలియదు.

పైడమ్మ తమ్ముణ్ణి పిలిచి, అతని ముక్కు కింద నా మూత తీసింది.

"ఎక్కడిదప్పా?"

"దండులోది. నూని లేనోలకి డబ్బాలెందుకురా? ఊరి డబ్బాలన్నీ ఊడ్సుకుపోనారు."

అతను నవ్వబోయాడు. నవ్వు సగంలోనే ఆగిపోయింది. "నిన్న సిపాయిలొచ్చి మా రేడియో జనరేటరు నింపీసెల్లారప్పా. అడగనేదు కూడాను. పక్కనే ఆసుపత్రిది ఎండిపోయుంది." నా మూత వైపు చూస్తూ, "నాను ఆలకి టీ కూడా పోయించాను," అన్నాడు.

ఇక ఇంట్లో ఎవరూ ఎవరినీ ఒప్పించవలసిన పని లేకపోయింది. పైడమ్మ ఇంటి తాళం కప్ప వెతకసాగింది.

పొద్దు వాలుతుండగా లాంచీ ఇంజను మొరాయించి, దగ్గి, చివరకు అందుకుంది. అన్నాళ్ళుగా మూగబోయిన రేవులో ఆ ఒక్క చప్పుడు ఎంత దూరం వినబడిందో. వలలు బాగుచేసుకుంటున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. రేవు కాపలాదారు ఈల ఊదుతూ వచ్చి, డీజిలు ఎక్కడిదని అడిగాడు. సూరప్పడు బుట్టల వెనక నక్కి కూర్చున్నాడు. పైడమ్మ గోనెపట్టా తీసి నన్ను చూపించింది. నా పక్కన దండువాళ్ళు వేసిన తెల్లరంగు గుర్తు ఇంకా చెరగలేదు. కాపలాదారు దాన్ని చూశాడు, నన్ను చూశాడు, చెయ్యెత్తి సలాం కొట్టి తాడు విప్పేశాడు. పాతబడ్డానని నన్ను వేలం వేసిన దండువాళ్ళకు ఆ సలాం వినబడి ఉంటే బాగుండేది.

మర్నాడు పొద్దున అవతలి దేశపు తీరాన ట్రాన్సిస్టరు పెట్టారు. తెలుగు వార్తల్లో గొంతు కొత్తది. ప్రభుత్వాన్ని రద్దు చేశారని, సైన్యం బాధ్యతలు తీసుకుందని, బంకులన్నీ తెరిచారని, అందరికీ కావలసినంత ఇంధనం ఉందని ఒకే గుక్కలో చదివింది. తరవాత వచ్చినవాళ్ళు చెప్పారు, మా బంకు ముందు సిపాయిల మెడలో పూలదండలు వేశారట. ఆ ఇంధనం నిన్నటిదాకా ఎక్కడుందని ఎవరూ అడగలేదట. అందరూ ప్లాస్టిక్ డబ్బాలు నింపుకునే తొందరలో ఉన్నారు.

"ఊపిరెక్కడ తియ్యాలో తెలీదు ఈడికి," అన్నాడు సూరప్పడు.

ఇప్పుడు ఈ తీరాన పైడమ్మ చిన్న కొట్టు పెట్టుకుంది. సూరప్పడు దాని ముందు నా మీద కూర్చుని పడవలవాళ్ళకు పేపరు చదివి వినిపిస్తాడు. ఇక్కడా అప్పుడప్పుడు డీజిలు దొరకదు. అప్పుడల్లా ఎవరో ఒకరు, సైన్యం వస్తుందా అని అతణ్ణి అడుగుతారు. కొరత వచ్చిన ప్రతిచోటా సైన్యం రాదంటాడు అతను, ఇప్పటికీ. నాకూ అదే అనిపిస్తుంది. బంకు ముందు నిలబడ్డ వరస ఏమీ చెప్పదు. నింపుకోవడానికి ఎవరు సిద్ధమవుతున్నారన్నది చెబుతుంది.

మొన్న వీధిలో ఒక కేక వినిపించింది. పాత ఇనప డబ్బాలు కొంటాం అని. పేపరు చదువు ఆగిపోయింది. సూరప్పడు నా మీంచి లేచి నిలబడ్డాడు. కొట్టు ముందున్నవాళ్ళంతా పైడమ్మ వైపు చూశారు. ఆమె మెల్లగా వచ్చి నన్ను రోడ్డు మీదికి ఈడ్చి, మూత తీసి ఆ బండివాడి ముందు పెట్టింది.

"ముందు ఇందల డీజిలు పొయ్యి బాబూ. బేరం తరవాత."

అతను నోరు తెరిచి చూశాడు. "డీజిలెక్కడిదమ్మా? బండి తోసుకు తిరుగుతున్నాను, కనబట్టంలేదా? తుక్కు కోసం."

పైడమ్మ వంగి అతని బండి చక్రాల వైపు చూసింది. అరిగిపోయిన అతని చెప్పుల వైపు చూసింది. తరవాత నా మూత బిగించి, కూర్చో బాబూ, టీ తాగెల్లు అంది. వీధంతా నవ్వింది.

ఖాళీగా ఉండటంలో ఇంత సుఖముందని నాకు అంతకుముందు తెలియదు.