ఏడో ఫుట్‌నోట్

మా బావ కంటికి శుక్లం వచ్చిందని తెలిసిన రోజు ఆయనకు ధైర్యం చెప్పింది నేనే. ఆ ధైర్యం తలచుకుంటే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

బావ సిటీ బస్సు డ్రైవరు. ఇరవై రెండేళ్ళుగా పదకొండో నంబరు రూటు ఆయనదే. మా పేట డాక్టరు ఆయన కుడికన్ను చూసి, ఆపరేషన్ అయితే చూపు మామూలుగా వచ్చేస్తుందని చెప్పి, పెద్దాసుపత్రి కంటి విభాగానికి ఉత్తరం రాశాడు. తొమ్మిది నెలల్లో బావ లైసెన్సు గడువు తీరిపోతుంది. కంటి పరీక్ష పాసైతేనే కొత్తది ఇస్తారు. తప్పితే, యాభై దాటినవాళ్ళకు బస్సు లైసెన్సు ఇక జన్మలో రాదు.

అక్క ఆ రోజే నడుం బిగించింది. "వారం వారం వెళ్ళి ఆసుపత్రిలో కూర్చుంటాను. నా మొహం చూడలేకైనా పిలుస్తారు" అంది.

నేను నవ్వాను. ఆరోగ్య శాఖలో దేశాల పోలికల విభాగం నాది. నాకు తెలియనిదేముంది? "అక్కా, మన దేశంలో శుక్లం ఆపరేషన్‌కి సగటున నలభై ఒక్క రోజులు. పన్నెండు దేశాల్లో మనది నాలుగో స్థానం. ఆ పట్టిక తయారుచేసేదే నేను. నువ్వెళ్ళి వాళ్ళ ప్రాణం తీయకు, వాళ్ళే పిలుస్తారు."

"మా మరదలు చెప్పిందంటే ఇక తిరుగులేదు" అన్నాడు బావ. "ఏమ్మా లెక్కల రాణీ, నలభై రెండో రోజుకి పిలవకపోతే నిన్ను బస్సెక్కించుకోను. నడిచి పోవాలి ఆఫీసుకి."

నలభై రెండో రోజు వచ్చింది, పోయింది. బావ స్టాపులో బస్సు ఆపి నన్ను ఎక్కించుకున్నాడు. తొంభయ్యో రోజు కూడా ఎక్కించుకున్నాడు. నాలుగు నెలలయ్యాక అక్క ఫోన్ చేసి, "చీకటి పడ్డాక నడపలేక, ఆయన పొద్దుటి డ్యూటీలు బతిమాలి వేయించుకుంటున్నాడే" అంది. అప్పటికి గానీ నాకు భయం వేయలేదు.

ఆసుపత్రికి ఫోన్ చేశాను. అరగంట సంగీతం వినిపించాక ఒకమ్మాయి ఎత్తింది.

"ఆయన పేరు లిస్టులో లేదు మేడమ్."

"ఉత్తరం వచ్చి నాలుగు నెలలైంది కదమ్మా!"

"ఉత్తరం ఉంది. పెద్ద డాక్టరుగారు ఇంకా చూడలేదు. ఆయన చూసి ఆపరేషన్ చేయాలని రాస్తే, ఆ రోజు నుంచి వెయిటింగు."

"మరి ఈ నాలుగు నెలలూ మా బావ చేసిందేమిటి?"

"అది వెయిటింగు కిందికి రాదు మేడమ్."

"అంటే వెయిటింగులో చేరడానికి వెయిటింగా?"

"నా మీద అరిస్తే ఏం లాభం మేడమ్? రూలు మేం పెట్టింది కాదు. పైనుంచి వచ్చింది."

సిగ్గు విడిచి నా ఉద్యోగం పేరు చెప్పి, కాస్త ముందుకు జరపమని కూడా అడిగాను. "అందరూ ఏదో ఒక శాఖ పేరు చెబుతారు మేడమ్" అని పెట్టేసింది.

పైనుంచి అంటే ఎక్కడినుంచో కాదు. మా ఆఫీసు నాలుగో అంతస్తు, కిటికీ పక్క బల్ల. నా బల్ల.

ఆరేళ్ళ కిందటి మాట. అప్పట్లో ఒక్కో దేశానిది ఒక్కో లెక్క. చలి దేశం వాళ్ళు పేట డాక్టరు ఉత్తరం రాసిన రోజు నుంచి లెక్కపెట్టేవారు. దీవుల దేశం వాళ్ళు సగం ఊళ్ళ వివరాలే పంపేవారు. కార్డుల దేశం వాళ్ళు అసలు లెక్కే పెట్టేవారు కాదు. ఆ పేర్లన్నీ మా విభాగంలో మేం పెట్టుకున్నవే. ఈ పన్నెండింటినీ ఒక గాటన కట్టడానికి పట్టిక అడుగున చిన్న అక్షరాల్లో నేనొక వాక్యం రాశాను. ఏడో ఫుట్‌నోట్. "నిరీక్షణ కాలం అనగా నిపుణుడు శస్త్రచికిత్స నిర్ణయించిన తేదీ నుండి శస్త్రచికిత్స జరిగిన తేదీ వరకు." అన్ని దేశాలూ ఒప్పుకున్నాయి. ఎంత ముచ్చటగా కుదిరిందో అని మురిసిపోయాను.

ఆ వాక్యం ఆసుపత్రులకూ చేరింది. వాళ్ళకు మార్కులు ఆ అంకె మీదే కదా. నిపుణుడు చూడనంతకాలం ఎవరూ ఎదురుచూస్తున్నట్టు కాదని వాళ్ళు ఇట్టే పసిగట్టారు. మొదటి చూపు నెలలకు నెలలు వెనక్కి పోయింది, ఆ తర్వాతి పని చకచకా సాగింది. మా స్థానం తొమ్మిది నుంచి నాలుగుకు ఎక్కింది. ఆఫీసులో కేకు కోశాం. పెద్ద ముక్క నాకే ఇచ్చారు.

ఫోన్ పెట్టేసి తిన్నగా డైరెక్టరుగారి గదికి వెళ్ళాను.

"సార్, ఏడో ఫుట్‌నోట్ మార్చాలి. పేట డాక్టరు ఉత్తరం రాసిన రోజు నుంచి లెక్కపెడదాం."

"పెడితే మనమెక్కడ ఉంటాం?"

"పదకొండు."

"పన్నెండో వాళ్ళెవరు?"

"లెక్క పంపనివాళ్ళు సార్."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మనమొక్కళ్ళం మారిస్తే పోలిక చెడిపోతుందమ్మా. ఆ మాట నాకు నూరిపోసింది నువ్వే కదా?"

నిజమే, నేనే. ఆ నిజానికి ఒళ్ళు మండిపోయింది. "పోలిక చెడితే చెడనివ్వండి సార్! ఇక్కడ మనుషుల కళ్ళు పోతున్నాయి" అని అరిచాను. పక్క గదిలో టైపు చప్పుడు ఆగిపోయింది. వచ్చే ఏడాది దేశాల సమావేశంలో చర్చకు పెడదామని, ఒక నోట్ రాసి ఇమ్మని చెప్పి ఆయన నన్ను పంపేశారు. నోట్ రాశాను. అది ఏ ఫైల్లో నిద్రపోతోందో నాకు తెలియదు.

అక్క ఇక నా మాట వినలేదు. వారం వారం వెళ్ళి ఆసుపత్రి బెంచీ మీద కూర్చుంది. మొదట్నుంచీ కూర్చుని ఉంటే ఏమయ్యేదో అని ఆమె అనలేదు. అని ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

తొమ్మిదో నెల ఆఖర్న లైసెన్సు పరీక్షలో బావ మూడు వరుసలు చదివి ఆగిపోయాడు. ఆయన్ని డిపోలో ప్రయాణికులు మరిచిపోయిన గొడుగులూ సంచులూ చూసుకునే గదిలో వేశారు. సరిగ్గా పదిహేను రోజులకు పెద్ద డాక్టరు పిలిచాడు. అయిదు నిమిషాలు చూసి, ఆపరేషన్ అని రాశాడు. ముప్పైమూడో రోజున ఆపరేషన్ అయిపోయింది. చూపు చక్కగా వచ్చింది. లైసెన్సు మాత్రం రాలేదు.

ఏడాది చివర ఆసుపత్రుల వివరాలు నా బల్ల మీదికి వచ్చాయి. పెద్దాసుపత్రి జాబితాలో ఒక వరుస: పురుషుడు, యాభై మూడేళ్ళు, కుడికన్ను, నిరీక్షణ ముప్పైమూడు రోజులు. సగటు కన్నా ఎనిమిది రోజులు తక్కువ. అలాంటి వరుసలన్నీ కలిసి మమ్మల్ని మూడో స్థానానికి ఎక్కించాయి. పట్టిక పేపర్లో పడింది.

ఆ ఆదివారం బావ పేపరు పట్టుకుని వరండాలో కూర్చున్నాడు. "ఇదిగో మరదలా, నీ పట్టిక! మూడో స్థానమట" అన్నాడు. నేను ఊఁ అన్నాను.

"చూపు భలే వచ్చిందే. అడుగున ఈ చీమతలకాయ అక్షరాలు కూడా కనిపిస్తున్నాయి." పేపరు దగ్గరగా తెచ్చుకోకుండానే, ఆపరేషన్ చేసిన కంటితో ఏడో ఫుట్‌నోట్ మొత్తం పైకి చదివాడు. ఒక్క అక్షరం తప్పలేదు.

"అంటే ఆ తొమ్మిది నెలలూ నేను ఎదురుచూడలేదన్నమాట. ఇంత నున్నగా ఎవరు రాశారమ్మా ఇది?"

వంటింట్లోంచి అక్క నా వైపు చూసింది.

"నేనే బావా" అన్నాను.

ఆయన పేపరు నాలుగు మడతలు పెట్టి పక్కన పెట్టాడు.

మర్నాడు పొద్దున్న పదకొండో నంబరు బస్సు వచ్చింది. స్టీరింగు దగ్గర ఎవరో కొత్తవాడు. నేను ఎక్కలేదు. ఆఫీసుకు నడిచే వెళ్ళాను.