ఏలియా వంతు

రైల్వే ఊళ్లో తెలుగువాళ్లుండే పేట ఝపటాపూర్‌లో ఆ వీధి వీధంతటికీ తెలిసిన సంగతి ఒకటుంది. దోర్కా మాట్లాడుతుంది, ఆవిడ భర్త ఏలియా తలూపుతాడు. గూడ్సు బండి గార్డుగా ఉద్యోగమంతా జెండా ఊపుతూ గడిపిన మనిషికి తలూపడం ఒక లెక్కా! కానీ పక్షవాతం వచ్చి తగ్గాక సంగతి మారింది. చెయ్యి మెల్లగా దారికొచ్చింది. కాలు ఈడుస్తూనైనా నడుస్తోంది. మాటే వెనకబడిపోయింది. పోలేదు, లోపలే ఉంది, బయటికి రావడానికి చాలాసేపు పడుతుంది. అంతసేపు ఆగడం దోర్కాకు పుట్టుకతో రాలేదు.

"మంచి..." అని అతను మొదలుపెట్టీ పెట్టకముందే, "మంచినీళ్లా? మంచి సొక్కానా? మంచం మీదికెల్తారా?" అంటూ నీళ్లూ చొక్కా తెచ్చి, మంచం మీద పక్క కూడా దులిపేసేది. పాపం, అతను అడగబోయింది బజార్లో మంచి చేప దొరికిందా అని. అన్నీ చూసి, తలూపి, నీళ్లు తాగేవాడు. ఆవిడకు ప్రేమ లేక కాదు. ఎక్కువై వచ్చిన చిక్కు అది.

వేళ్లు కదులుతూ ఉండాలని డాక్టరు చెప్పాడంటూ, అదే ఊళ్లో ఖరిదాలో ఉండే కూతురు ఏంజెలా తన పాత ట్యాబ్‌లో ఒక యుద్ధం ఆట పెట్టి తెచ్చిచ్చింది. పటం మీద ఐదు రాజ్యాలు. పచ్చ రాజ్యం ఏలియాది, మిగతా నాలుగూ కంప్యూటరువి. ఏలియా తన ఎత్తు వేసి మూలనున్న బొత్తం నొక్కితే, కంప్యూటరు రాజులు నలుగురూ వరసగా తమ ఎత్తులు వేస్తారు. తరవాత మళ్లీ అతని వంతు.

ఆ నలుగురూ కలిసి ఏలియాను ఉతికి ఆరేశారు. టిఫినయ్యాక ఓడిపోయేవాడు, భోజనానికి ముందు ఓడిపోయేవాడు, ఓ కునుకు తీసి లేచి మళ్లీ ఓడిపోయేవాడు. ఏంజెలా జాలిపడి చిన్నపిల్లలు ఆడే స్థాయికి దించింది. అక్కడా పచ్చ రాజ్యానికి అదే గతి. కోట కూలిన ప్రతిసారీ ఏలియా కాస్త వంకరపోయిన మూతితోనే నవ్వి, మళ్లీ మొదలుపెట్టేవాడు.

దోర్కాకు మాత్రం ఒళ్లు మండిపోయేది. కందకు లేని దురద కత్తిపీటకెందుకని కూతురు నవ్వినా ఊరుకునేది కాదు. నిజానికి ఆవిడ బెంగ వేరు. జబ్బు నుంచి లేచిన మనిషి ఉన్న ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టడం, ఆ మనిషి నిలబడి తన నోటితో సాక్ష్యం చెప్పడం వాళ్ల సంఘంలో ఆనవాయితీ. శనివారమే కూడిక. గోల్‌బజార్ నుంచి బిర్యానీ బియ్యం కూడా వచ్చేశాయి. నలుగురి ముందూ మాట రాక ఏలియా తలదించుకోవలసి వస్తే? అందుకని ఆయన బదులు సాక్ష్యం తానే చెబుతానని పాస్టరు హెన్రీ గారితో అనేసింది. ఏలియాను అడగలేదు.

ఆ మర్నాడు మధ్యాహ్నం చిక్కుడుకాయలు ఒలుస్తూ ఆవిడ అతని పక్కన కూర్చుంది. తెర మీద ఎర్ర రాజు గుర్రాలు వంతెన వైపు వస్తున్నాయి. వంతెన మీద ఏలియా సైనికులున్నారు. అతను వాళ్లను జాగ్రత్తగా పక్కకు తప్పించాడు. గుర్రాలు తిన్నగా కోటలోకి పోయాయి.

"అదేటండీ, అడ్డంగా మనోళ్లున్నారు గదా. పక్కకి తీసీసినారేటి?"

"అది..." అన్నాడు ఏలియా.

"బయమేసినాదా? వేలు జారిపోనాదా?"

అతను ఎడమచెయ్యి అడ్డంగా ఎత్తాడు. బండిని ఆపిన చెయ్యి అది. దోర్కా ఠక్కున నోరు మూసుకుంది. అతని పెదవులు కదిలాయి, ఊరుకున్నాయి, మళ్లీ కదిలాయి. మాట అందిద్దామని ఆవిడ నాలుక చివరిదాకా వచ్చింది గానీ, పళ్లతో పట్టి ఉంచింది.

"అది... మెయిలు. జోరుగా... వస్తన్నాది. మనది... గూడ్సు. దారి... ఇయ్యాల గదా."

దోర్కాకు నవ్వాగలేదు. చిక్కుడుకాయలు ఒళ్లోంచి జారి నేలంతా పడ్డాయి. ఉద్యోగమంతా పక్క లైనులో బండి నిలబెట్టుకుని మెయిళ్లకు దారిచ్చిన మనిషి, శత్రువు గుర్రాలక్కూడా అదే మర్యాద చేసి రాజ్యం పోగొట్టుకుంటున్నాడు. ఏలియా కూడా నవ్వాడు. జబ్బు చేశాక ఇద్దరూ కలిసి నవ్వడం అదే మొదలు.

"మరి రోజూ ఓడిపోతన్నారు గదా. ఎందుకండీ ఆడతారు?" అని అడిగి, ఈసారి అతను చెయ్యెత్తకముందే ఆగింది.

"ఆళ్లు... ఆగుతారు," అన్నాడు ఏలియా. "ఎంతసేపైనా. నా వంతు... నాకే... ఒగ్గేస్తారు."

దోర్కా వంగి కిందపడ్డ కాయలు ఏరుకోసాగింది. ముందు సిగ్గేసింది. కొట్టడం తప్ప ఇంకోటి తెలియని ఆ నలుగురు తన మనిషికి ఇచ్చింది, అన్నం తినిపించిన తాను ఇవ్వలేకపోయింది. పెళ్లైన నాటి నుంచీ ఈ ఇంట్లో మెయిలు తనే. అతను పక్కకు తప్పుకుని దారిస్తూనే ఉన్నాడు. సిగ్గు తరవాత మనసు నిండా కృతజ్ఞత వచ్చింది. ప్రభువా, ఆ నలుగురు దుర్మార్గులనూ చల్లగా చూడు తండ్రీ అనుకుంది, మనస్ఫూర్తిగానే.

శనివారం ఇల్లు నిండిపోయింది. పాటలయ్యాయి, ప్రార్థనయ్యింది. హెన్రీ గారు దోర్కా వైపు చూసి, ఇక సాక్ష్యం చెప్పమన్నారు.

"నేను కాదండి," అంది దోర్కా. "ఆయనే సెప్తారు."

ఏలియా ఆవిడ వంక తెల్లబోయి చూశాడు. తరవాత కుర్చీ పట్టుకుని లేచాడు. ఎవరో దగ్గారు. అతని అక్క జ్ఞానరత్నం ఉండబట్టలేక, "దేవుడు బతికించినాడను, తమ్ముడూ," అని మాట అందించబోయింది. దోర్కా ఎడమచెయ్యి అడ్డంగా ఎత్తింది. వదినగారు వింతగా చూసి ఊరుకుంది.

"దేవుడికి... స్తోత్రం," అన్నాడు ఏలియా. కాసేపటికి, "డాక్టర్లకి... నా కూతురికి... వందనాలు." ఇంకాసేపటికి, "నన్ను ఓడించిన... నలుగురికీ."

అదెవరో దోర్కాకూ ఏంజెలాకూ తప్ప ఎవరికీ అర్థం కాలేదు. ఆ పిల్ల కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అయిపోయిందనుకుని హెన్రీ గారు ముగింపు ప్రార్థనకు కళ్లు మూసుకోబోయారు. దోర్కా ఎత్తిన చెయ్యి దించలేదు. లోపల ఇంకో మాట బయల్దేరిందని అతని పెదవులు చూస్తే ఆవిడకు తెలిసింది. అదేమిటో మాత్రం తెలియలేదు. వంటింట్లో బిర్యానీ చల్లారిపోతోంది. చల్లారనీ అనుకుంది.

"దోర్కా..." అన్నాడు ఏలియా. చాలాసేపు పట్టింది. "ఆగినాది."

అప్పుడు ఆవిడ చెయ్యి దించింది.