ఎదురెదురు గొట్టాలు

చిన్నకోడలికి తన బావగారి మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే, ఆయన మంచివాడు. చెడ్డవాడైతే ఇంటిల్లిపాదీ కలిసి హాయిగా తిట్టుకునేవాళ్లు. అందరికీ సాయం చేస్తాడు, చేస్తూనే చేతికందింది విసురుతాడు. మొన్న టీలో చక్కెర ఒక పిసరు ఎక్కువైందని కప్పును గోడకేసి కొట్టాడు. ఈ ఇంట్లో ఎవరికీ కొలతలు తెలియవట.

ఆయన పనిచేసే పరిశోధనశాలలో సహాయకురాలి పోస్టు పడిందని చెప్పిందీ ఆయనే. జీవశాస్త్రం చదివి పదకొండేళ్లుగా వంటింట్లో ఉన్న ఆమెకు ఇదే ఆఖరి అవకాశం. వచ్చే నెలతో వయసు పరిమితి దాటిపోతుంది. ఇవాళ పనిలో పెట్టి చూసి, సాయంత్రం డైరెక్టరమ్మ అవునో కాదో తేలుస్తుంది.

గొట్టాలను గిర్రున తిప్పే పాత సెంట్రిఫ్యూజ్ దగ్గర బావగారు నిలబడ్డాడు. ఎదురెదురుగా రెండు గొట్టాలు పెట్టి మూత వేయబోయాడు.

"బావగారూ, ఒకదాంట్లో చిక్కటి చక్కెర ద్రావణం, రెండోదాంట్లో ఉత్త నీళ్లు. తూచారా?"

"మట్టం సమానంగా ఉందిగా. కళ్లు లేవా?"

"మట్టం సరే. బరువో? ఎదురెదురు బరువుల్లో తేడా ఉంటే యంత్రం అదుపు తప్పుతుంది."

"ఇరవై రెండేళ్లుగా తిప్పుతున్నానమ్మాయ్. నువ్వొచ్చి గంటయింది."

ఆమె గొట్టం తీయడానికి చెయ్యి చాపింది. ఆయన ఆ చేతిమీద ఫెడీమని కొట్టాడు. పక్కనున్న బీకరు కిందపడి పగిలింది. మూత పడింది, మీట నొక్కాడు.

యంత్రం మొదట మూలిగింది. తర్వాత బల్లను దడదడలాడించింది. బరువు తేడా పసిగట్టి తనంతట తాను ఆగే తెలివి ఆ పాతదానికి లేదు. బావగారు, అలిగిన పిల్లను అణిచినట్టు, రెండు చేతులతో మూతను అదిమిపట్టాడు.

"వదలండి."

"ఆగిపోతుందమ్మాయ్, నాకు తెలుసు."

ఆమె ఆయన కాలరు పట్టుకుని, పదకొండేళ్లు గ్యాస్ బండలు జరిపిన బలంతో వెనక్కి లాగింది. కాలరు చిరిగింది, ఇద్దరూ నేలమీద పడ్డారు. అదే క్షణంలో మూత పేలింది. లోపలి ఇనపచక్రం ఊడి గాల్లోకి లేచి, అద్దాల బీరువాను చీల్చుకుంటూ గోడలో దిగబడింది. గాజు వానలా కురిసింది. ఒక పెంకు బావగారి భుజాన్ని ఎముక దాకా కోసింది.

ఆమె పాకుతూ వెళ్లి మెయిన్ స్విచ్ ఆపింది. బల్లమీది తువ్వాలు లాగి మడిచి గాయం మీద మోకాలితో అదిమింది. నెత్తురు తువ్వాలు దాటి ఆమె చీరకు పాకింది.

"కదిలారంటే ఈసారి నేనే కొడతాను."

పరుగున వచ్చిన డైరెక్టరమ్మ గుమ్మంలో ఆగిపోయింది. గోడలోని చక్రాన్ని, నెత్తురును, చివరికి కొత్త మనిషిని చూసింది.

"గొట్టాలు పెట్టిందెవరు?"

చిన్నకోడలు చెబితే అది సాకు. ఆయన ఒక్కమాట అటూ ఇటూ అంటే ఉద్యోగం ఇక్కడితో సరి. ఆమె తువ్వాలును అవసరానికి మించి కాస్త గట్టిగానే నొక్కింది.

బావగారు గోడవైపు చూశాడు. చక్రం దిగబడింది సరిగ్గా ఇందాక తన తల ఉన్న ఎత్తులో.

"నేనే పెట్టాను మేడమ్," అన్నాడు. "తూచమని అమ్మాయి చెప్పింది. వినలేదు, పైగా కొట్టాను. తప్పు నాదే."